మరకలక్క కడిగేసిన సీసాలు

ఆవిడకు అమ్మానాన్నా పెట్టిన పేరు ఒకటుంది గానీ, పాపం, అది జీతం కాగితం మీద తప్ప ఇంకెక్కడా పనికిరాలేదు. ఆ పెద్ద హోటల్లో కాపలా మనిషి దగ్గర్నుంచి మేనేజరు దాకా అందరికీ ఆవిడ మరకలక్క. ఆ పేరు పెట్టిన వాడు వంటమాస్టారు. ఆవిడకంటే ఆరేళ్ళు పెద్దవాడై ఉండి అక్క అనడమేమిటని ఎవరైనా అడిగితే, "మరకల దగ్గర ఆవిడే పెద్ద, నేను చిన్నవాణ్ణే" అంటాడు. నిజమే మరి. బల్లగుడ్డ మీద ఏం ఒలకనివ్వండి, ఎప్పుడు ఒలకనివ్వండి, ఆవిడ ఒక్కసారి వంగి చూసి ఫలానా సూపు, ఫలానా పూట, వేడి మీద పడింది, చల్లారాక పడింది అని చెప్పేసేది. ఇరవై ఆరేళ్ళు లాండ్రీలో అదే పని. ఇంట్లో బస్సు నడిపే మొగుడు, పెళ్ళై పక్కవీధిలోనే కాపురముంటున్న కూతురు. ఇంతే ఆవిడ సంసారం.

అయితే అంత చూపున్న మనిషి కూడా ఒకరోజు చూడకుండా చెయ్యి పెట్టింది. పెట్టి, కొంప ముంచుకున్నంత పని చేసుకుంది. ఆ సంగతే చెబుతున్నాను, వినండి.

ఈ తెలివంతా ఆవిడకు పుట్టుకతో వచ్చిందేం కాదు. నేర్పింది వదిన. సొంత వదిన కాదు, అప్పటి లాండ్రీ పెద్ద. ఆ వదిన మొగుడు అదే హోటల్లో వైన్ గది చూసుకునేవాడు, ఆయన అన్నయ్య. మరకలక్క పనిలో చేరిన మొదటి వారంలోనే ఒక ఘనకార్యం చేసింది. ముప్ఫై తెల్ల బల్లగుడ్డల్లో ఒక ఎర్ర చేతిరుమాలు కలిపేసి మిషన్లో వేసింది. ముప్ఫయ్యీ గులాబీరంగులో బయటికొచ్చాయి. మేనేజరు చిందులు తొక్కుతూ వచ్చాడు. ఇరవై మూడేళ్ళ పిల్ల గోడకు అతుక్కుపోయి వణుకుతోంది. వదిన మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు నిలబడి, "నేనే వేశానండీ, కళ్ళజోడు లేదు" అంది. ఆవిడకు కళ్ళజోడు అప్పటికి లేనే లేదు, చూపు శుభ్రంగా ఉండేది! మేనేజరు వెళ్ళాక మూడు సాయంత్రాలు పక్కన కూర్చోబెట్టుకుని ముప్ఫై గుడ్డలూ మళ్ళీ తెల్లగా చేయించింది. "చూడు పిల్లా, ముందు చూడు, తర్వాత ముట్టుకో. మన పని అంతా ఇదే" అంది. ఆ రోజు వదిన ఆ మాట అనకపోతే ఉద్యోగం ఊడేది, ఆ ఉద్యోగం ఊడితే కాపురం నిలిచేది కాదు. ఈ సంగతి మరకలక్క మర్చిపోయిన రోజు లేదు.

వైన్ మరక తీయడం అన్నిటికంటే చివర నేర్పింది. రోజూ సాయంత్రం వదిన వెళ్ళి అన్నయ్యను అడిగి వచ్చేది: ఏ బల్ల మీద ఏ వైన్ పోశారు, అది ఎన్నేళ్ళది అని. కొత్త వైన్ మరకకు ఒక వైద్యం, పాతదానికి ఇంకో వైద్యం. తడి తెల్లగుడ్డ మీద ఒక్క చుక్క వేసి అంచు చూడమనేది. మధ్యలో కాదు, అంచు. కొత్తదైతే అంచు ఊదాగా, నీలం కలిసినట్టు ఉంటుంది. ఏళ్ళు గడిచేకొద్దీ ఆ నీలం పోతుంది, ఎరుపు వస్తుంది, ఆ ఎరుపు ఇటుకరంగుకు దిగుతుంది, బాగా ముదిరిన దానికి చుట్టూ టీ ఒలికినట్టు ఒక గోధుమరంగు గీత వస్తుంది. ఇరవై ఆరేళ్ళలో మరకలక్క ఆ గీతలు ఎన్ని వేలు చూసిందో. నోట్లో మాత్రం ఒక్క చుక్క వేసుకోలేదు. తాగేవాళ్ళు పైన హాల్లో, ఉతికేవాళ్ళు కింద గదిలో. ఆ మాటకొస్తే అన్నయ్య పరిస్థితీ అంతే. ముప్ఫై ఏళ్ళు ఆ సీసాలను పసిపిల్లల్లా పడుకోబెట్టాడు, తిప్పాడు, దుమ్ము పట్టనిచ్చాడు, వెలుతురు తగలకుండా కాపాడాడు. చేత్తో ఎరుగును గానీ నోటితో ఎరగడు.

రెండేళ్ళ కిందట ఆయన పని మానేసే రోజు హోటలు యజమాని చేతిగడియారం ఇవ్వబోతే, "అది వద్దండీ, నాకు మూడు సీసాలు ఇప్పించండి. ఏవో నేనే ఏరుకుంటాను" అన్నాడు. ఒకే ఫ్రెంచి తోటలోవి, మూడు వేరు వేరు సంవత్సరాలవి. అందులో అన్నిటికంటే పాతది ఆయనకూ వదినకూ పెళ్ళైన ఏడాదిది, ముప్ఫై నాలుగేళ్ళది. అది అందరికీ చెప్పుకున్నాడు. మిగతా రెండూ ఎందుకు తీసుకున్నాడో అడిగితే, "ఉండనీయండి, తీసినప్పుడు చెబుతా" అనేవాడు. ఇంటి మెట్ల కింద చీకటి గూట్లో పడుకోబెట్టాడు.

తర్వాత వదినకు జబ్బు చేసింది. పెద్ద జబ్బే. ఏడాదిపాటు ఆస్పత్రీ ఇల్లూ, ఇల్లూ ఆస్పత్రీ. మందుల వేడికి జుట్టు రాలింది, అరచేతులు పగిలాయి. అన్నిటికంటే ఆవిడను ఏడిపించింది నాలుక. ఎనిమిది నెలలు ఏం తిన్నా ఇనుప గరిట నాకినట్టే ఉండేది. మరకలక్క రోజు విడిచి రోజు వెళ్ళి దుప్పట్లు మార్చేది, కాళ్ళు పట్టేది. అప్పుడు వదిన అనేది, "బతికి బట్టకడితే మా పెళ్ళినాటి సీసా తీయిస్తానే. రుచి తెలిసిన నోటితో తాగుతాను." మూడు వారాల కిందట రుచి తిరిగొచ్చింది. పోయిన వారం డాక్టరు జబ్బు నయమైందని కాగితం రాసిచ్చాడు. వైన్ మాట అడిగితే, "ఒక్క చిన్న గ్లాసు, అంతే, రెండోది లేదు" అని అందులోనే రాశాడట. ఆ కాగితంలో ఇంకో మాట కూడా రాశాడు గానీ, అన్నయ్యకు గ్లాసు మాట ఒక్కటే బుర్రకెక్కింది.

అదీ సంగతి. ఒక్క గ్లాసు. అది పెళ్ళినాటి సీసాలోదే కావాలి.

విందు ఆదివారం సాయంత్రం ఆరింటికి. పిలిచింది ఇద్దర్నే, మరకలక్కనూ వంటమాస్టార్నీ. మాస్టారు వంట తనదే అన్నాడు. మరకలక్క పొద్దున పదింటికే వచ్చేసింది, ఇల్లు సర్దిపెడతానని. అన్నయ్య వదినను తీసుకుని చెప్పుల దుకాణానికి బయల్దేరుతున్నాడు. ఏడాదిలో వదిన పాదాలు ఎంత చిక్కిపోయాయంటే పాత చెప్పులు నడుస్తుంటే జారిపోతున్నాయి.

ఇల్లంతా తుడిచింది. కిటికీలు తుడిచింది. వంటగది గట్టు మీదికి వచ్చేసరికి కనబడ్డాయి మూడు సీసాలు. ముందురోజే అన్నయ్య గూట్లోంచి తీసి నిలబెట్టాడు, మడ్డి అడుక్కి దిగాలని. బూజు, సాలెగూడు, జిగురు, వాటి మీద ఎక్కడో నల్లబడిన కాగితం. అయ్యో, ఇంత మంచి రోజున ఇంత మురికి సీసాలా అనుకుంది. అక్కడే పొరపాటు పడింది. ముందు చూడాలా? చూడలేదు. వేడినీళ్ళు తొట్టిలో పట్టి, సబ్బు వేసి, మూడింటినీ ముంచి, తను పాట పాడుకుంటూ పొయ్యి తుడవడానికి వెళ్ళింది. పావుగంటకు వచ్చి ఒక్కొక్కటీ పీచు పెట్టి రుద్దింది. అద్దంలా మెరిశాయి. మూడూ ఒక్కలాగే మెరిశాయి.

తొట్టిలో చూస్తే కాగితం గుజ్జు. తీసి అరచేతిలో పరిచింది. పేరు లేదు, ఏడాది లేదు, ఒక్క అక్షరం లేదు.

ఆ గుజ్జు పట్టుకుని నిలబడే ఉంది, సంచీలతో మాస్టారు వచ్చేదాకా. ఆయన సీసాలను చూశాడు, ఆవిడ మొహం చూశాడు, అర్థమైపోయింది.

"ఎంత పని చేశావు మరకలక్కా!"

"చేతులారా చేశాను మాస్టారూ. ఇప్పుడేం చెయ్యను?"

మాస్టారు చెడ్డవాడు కాదు గానీ, దగ్గరి దారి కనిపిస్తే నడిచేస్తాడు. గొంతు తగ్గించి, "ఏం చేస్తావు, నోరు మూసుకో. అన్నగారి కళ్ళకు శుక్లాలు వచ్చాయి. వదినగారి వైద్యం అయ్యాకే ఆపరేషన్ అని కూర్చున్నాడు. ఆయనకు రంగులే సరిగా కనబడవు. ఏదో ఒక సీసా పెళ్ళినాటిదని పోసేద్దాం. ఎవడికి తెలుస్తుంది?" అన్నాడు.

"నాకు తెలుస్తుంది."

"నీకూ తెలియదుగా, ఏది ఏదో!"

"అది కాదు మాస్టారూ, అబద్ధమని తెలుస్తుంది. ఆ మనిషి నాకోసం ఒక అబద్ధం చెప్పింది నిజమే. ఆ మనిషితోనే నేను అబద్ధం చెప్పలేను. చచ్చినా చెప్పలేను."

మాస్టారు కోడి కడగడానికి నీళ్ళు పెట్టుకున్నాడు.

పన్నెండింటికి వాళ్ళు తిరిగొచ్చారు. వదిన కొత్త చెప్పులు చూపించబోతోంది. మరకలక్క గుమ్మంలోనే ఉన్నదున్నట్టు చెప్పేసింది. చెబుతుంటే ఏడుపు తన్నుకొచ్చింది. "తిట్టండి అన్నయ్యా, తిట్టండి" అంది. అన్నయ్య తిట్టలేదు. తిడితే బాగుండును. వెళ్ళి సీసాలను ఒక్కొక్కటే చేతిలోకి తీసుకుని బరువు చూసి, వెలుతురులో పట్టి, మళ్ళీ గట్టు మీద పెట్టాడు.

"ఆకారం మూడిటిదీ ఒకటే. మడ్డి కూడా కదిలిపోయింది" అన్నాడు. "సాయంత్రానికి కొంచెం దిగుతుందిలే." అంతే అని కుర్చీలో కూర్చుండిపోయాడు. ముప్ఫై ఏళ్ళు సీసా మీద పేరు చూడకుండా తాకని మనిషి ఆయన.

వదిన మాత్రం చెప్పులు విప్పుతూ, "ఏమే, నేను నేర్పిందేమిటి?" అంది.

"ముందు చూడు, తర్వాత ముట్టుకో."

"మరి?"

"బుద్ధి గడ్డి తిన్నది వదినా."

"సరే, తిన్నదేదో తిన్నది. మొహం కడుక్కునిరా. విందు మానుకునేది లేదు."

సాయంత్రం ఆరింటికి కిటికీలోంచి ఎండ ఏటవాలుగా బల్ల మీద పడుతోంది. మాస్టారు తన చేతి పనితనమంతా చూపించాడు: పుట్టగొడుగుల సూపు, వెన్నలో కాల్చిన కోడి, పైన కరకరలాడే బంగాళాదుంపలు, అప్పుడే దించిన రొట్టె. బల్ల మీద పరిచిన తెల్లగుడ్డ వదినదే, ఆవిడ చేత్తో ఇస్త్రీ చేసి ఏడాది కిందట దాచినది. దాని మధ్య మూడు సీసాలు, పేరూ ఊరూ లేకుండా.

"లోపలి కార్కు మూత మీద ఏడాది ముద్ర ఉంటుంది" అన్నాడు అన్నయ్య. అందరి ప్రాణాలూ లేచొచ్చాయి. కానీ ఏం లాభం? మొదటి రెండు సీసాల మూతలూ పొడిపొడిగా రాలిపోయాయి. మూడోది కాస్త పెద్ద ముక్కలుగా విరిగింది గానీ, నల్లగా నానిపోయి ఏమీ కనబడలేదు. మాస్టారు ఆ ముక్కల్ని సాసరులోకి తీసుకుని, సన్నటి పుల్లతో అతికించుకుంటూ కూర్చున్నాడు. "మాస్టారూ, సూపు చల్లారిపోతోంది" అంటే, "నా సూపు నా ఇష్టం" అన్నాడు.

మడ్డి రాకుండా మరకలక్క పలచటి గుడ్డ అడ్డం పెట్టి మూడిట్లోంచీ కొంచెం కొంచెం మూడు గ్లాసుల్లోకి వంచింది. అన్నయ్య ఒక్కొక్కటీ వాసన చూసి, ఒక్కో చుక్క నాలుక మీద వేసుకున్నాడు. కళ్ళు మూసుకుని చాలాసేపు ఆలోచించాడు.

"రెండోది" అన్నాడు చివరికి. "ఇదే మెత్తగా ఉంది. పాతది మెత్తగానే ఉంటుంది కదా."

మరకలక్క నోరు విప్పకూడదనుకుంది. పొద్దున చేసింది చాలదా? అన్నయ్య అంతటివాడు చెబుతుంటే మధ్యలో తనేమిటి? కానీ వదిన తన వైపే చూస్తోంది.

"నువ్వు చూశావా?" అంది వదిన.

"లేదు."

"చూడు మరి."

మరకలక్క లేచి ఒక తెల్ల చేతిరుమాలు తడిపి, పిండి, బోర్లించిన పళ్ళెం మీద సాగదీసి పరిచింది. చెంచాతో మూడు చుక్కలు వేసింది, పక్కపక్కనే. చుక్కలు పాకాయి. మొదటిదాని అంచు ఎర్రగానే ఆగింది. అది మూడింట్లో వయసుకు చిన్నది, అనుమానం లేదు. రెండోది ఇటుకరంగుకు తిరిగింది. మూడోది కూడా ఇటుకరంగే. ఇంకాసేపు ఆగింది. ఆరేకొద్దీ మూడోదాని చుట్టూ సన్నటి గోధుమరంగు గీత తేలింది, దుమ్ము రేణువంత మందాన. రెండోదానికి రాలేదు.

"మూడోది అన్నయ్యా" అంది.

అన్నయ్యకు కోపం రాలేదు గానీ, మొహం చిన్నబోయింది. "ఒక్కటే గ్లాసమ్మా ఆవిడకు. తప్పు పోస్తే మళ్ళీ పోయడానికి లేదు" అన్నాడు.

"అందుకే చెబుతున్నా అన్నయ్యా."

"గ్లాసు నాది" అంది వదిన. "మీరు వైన్ గదికి పెద్ద, ఒప్పుకుంటాను. మరకకు పెద్దది మాత్రం ఇది. దీనికి నేర్పింది నేను. మూడోదే పోయండి."

అన్నయ్య పోశాడు, చిన్న గ్లాసులో సగానికి పైగా. వదిన రెండు చేతులతో ఎత్తింది. ఏడాది మంచం మీదున్న చేతులు, గ్లాసు బరువుకే వణికాయి. పెదవుల దాకా వచ్చింది, పళ్ళకు తగిలింది, పక్కకు వాలింది. మొత్తం బల్లగుడ్డ మీద పోయింది.

"అయ్యో!" అన్నాడు అన్నయ్య. మాస్టారి చేతిలో పుల్ల కిందపడింది.

ఆడవాళ్ళిద్దరూ మాత్రం అయ్యో అనలేదు. నవ్వొస్తుంది చెబితే. ఇద్దరూ ఒకేసారి ముందుకు వంగారు, తలకు తల తగిలింది. ఇద్దరూ అంచు చూస్తున్నారు. వదిన అయితే ముక్కు గుడ్డకు ఆనేంత దగ్గరికి వంగింది. ఒలికింది పాకుతోంది, ఇటుకరంగులో, కొసకు టీ నీళ్ళలాంటి గీత కట్టుకుంటూ.

"ఇదే" అంది వదిన.

"ఇదే వదినా" అంది మరకలక్క.

"ఇదే ఇదే!" అని మాస్టారు కుర్చీ వెనక్కి పడేలా లేచాడు. చేతిలో సాసరు. మూడోదాని మూత అతికింది. మధ్యలో చీలిక ఉంది గానీ, చివరి రెండు అంకెలు స్పష్టంగా ఉన్నాయి. అన్నయ్య సాసరును కళ్ళకు ఆనించుకుని, వేలితో తడిమి చూసుకున్నాడు. పెళ్ళి ఏడాది.

తర్వాత అన్నయ్య దిగులుగా, "ఒక్క గ్లాసే అన్నాడు కదే డాక్టరు" అన్నాడు.

"నేను తాగానా? గుడ్డ తాగింది. గుడ్డకు ఏ జబ్బూ లేదు. పోయండి" అంది వదిన.

ఈసారి గ్లాసును మరకలక్క కింద నుంచి పట్టుకుంది. వదిన తాగింది. ఒక గుక్క నోట్లోనే ఉంచుకుని కళ్ళు మూసుకుంది. కళ్ళ కొసల్లోంచి నీళ్ళు కారాయి.

"ఇనుము రుచి లేదండీ" అంది మొగుడితో. "ఎండిన ద్రాక్షలా ఉంది. పాత చెక్కపెట్టె తెరిచినట్టుంది. వెనకాల ఇంకేదో తియ్యగా వస్తోంది, ఉండండి, చెప్పనివ్వండి. అన్నీ తెలుస్తున్నాయి. అన్నీ తెలుస్తున్నాయండీ."

అన్నయ్య ఆవిడ భుజం మీద చెయ్యి వేసి గట్టిగా పట్టుకున్నాడు. మాస్టారు ముక్కు చీదుకుని, దుంపల్లో ఉప్పు సరిపోయిందా అని అడిగాడు. సరిపోయిందని ఎవరూ అనకుండానే తనే సరిపోయిందనుకున్నాడు.

అప్పుడు అన్నయ్య మొదటి సీసా మాస్టారి ముందుకు జరిపాడు. "ఇది నువ్వు మా హోటలుకొచ్చిన ఏడాదిది. వచ్చిన రోజే సూపు మాడబెట్టావు, గుర్తుందా?"

"మర్చిపోనిస్తారా మీరు!" అన్నాడు మాస్టారు. నవ్వబోయాడు గానీ సరిగా రాలేదు.

రెండో సీసా అన్నయ్య చేతిలోనే ఉంది. పెళ్ళినాటిదని తను పొరబడింది దాన్నే. గ్లాసులోకి పోసి మరకలక్క చేతికిచ్చాడు.

"ఇది ముప్ఫై గుడ్డలు గులాబీరంగైన ఏడాదిదమ్మా. ఆ సాయంత్రం మీ వదిన ఇంటికొచ్చి, 'మనకు ఒక ఆడపిల్ల దొరికిందండీ, ఏమీ రాదు, ఏడుపు మాత్రం బాగా వచ్చు' అంది. యజమాని ఏరుకోమంటే మా ఇంటి ఏళ్ళు మూడు ఏరుకున్నాను. ఒకటి మా పెళ్ళి, ఒకటి నువ్వు, ఒకటి వీడు."

మరకలక్క గ్లాసు పట్టుకుని అలాగే ఉండిపోయింది. పొద్దున తను పీచుతో రుద్ది రుద్ది తుడిచేసిన వాటిలో తన ఏడాది కూడా ఉందన్నమాట. రెండేళ్ళు మెట్ల కింద తనకోసం పడుకుని ఉందన్నమాట. ఇరవై ఆరేళ్ళుగా కింద గదిలో అంచులే చూసిన దాన్ని, ఆవిడ మొదటిసారి నోట్లో వేసుకుంది. ముందు పులుపు, తర్వాత వగరు, మింగాక గొంతులో వెచ్చగా నిలిచింది. బాగుందో లేదో ఆవిడకు తెలియలేదు. వదులుకోవాలని మాత్రం అనిపించలేదు.

"ఎలా ఉందే?" అంది వదిన.

"నేను మీకేమిచ్చి రుణం తీర్చుకోను వదినా" అంది మరకలక్క.

"తీర్చుకోకు. అలాగే ఉండనీ."

ఏడుపు దాచుకోవడానికి మరకలక్క ఉప్పుడబ్బా అందుకుంది. మరక ఆరిపోతోంది, ఇంకాసేపైతే దారం పట్టేస్తుంది. చల్లబోతుంటే వదిన ఆవిడ మణికట్టు పట్టుకుంది.

"ఇప్పుడొద్దు. రేపు పొద్దున రా. ఉప్పు నువ్వు వెయ్యి, ఉతికేది నేను."

"మీరా? ఆ చేతులు సబ్బునీళ్ళలో పెట్టొచ్చా? డాక్టరు ఏమంటాడో!"

వదిన తన రెండు అరచేతులూ బల్ల మీద వెల్లకిలా పెట్టి చూపించింది. పగుళ్ళన్నీ పూడి, చర్మం కొత్తగా, లేతగా ఉంది.

"డాక్టరు ఆ కాగితంలో రెండు రాశాడే. ఒక్క గ్లాసు తాగొచ్చని ఒకటి, ఇక బట్టలు ఉతుక్కోవచ్చని ఒకటి. ఈయన ఒకటే చదివాడు."